తప్పుగా పడిన ధరకే దుకాణం వస్తువు ఇవ్వాలా?

ట్యాగ్ మీద ఏ ధర ఉంటే ఆ ధరకే అమ్మి తీరాలని కొనేవాళ్లలో చాలామంది నమ్ముతారు. పొరపాటున పడిన ధరతో మాకు సంబంధం లేదని దుకాణాలు అంటాయి. రెండింట్లోనూ కొంతే నిజం ఉంది. నిజానికి చూడాల్సిన ప్రశ్నలు మూడు. అమ్మకపు ఒప్పందం కుదిరిందా, కుదిరితే ఏ క్షణంలో? ఆ ధర పొరపాటని కొన్నవాళ్లకు తెలుసా, లేదా తెలిసి ఉండాల్సిందా? ఈ రెంటికీ అతీతంగా ఆ దేశపు వినియోగదారుల చట్టం ఏదైనా ప్రత్యేక హక్కు ఇచ్చిందా?

వీటిని ఈ వరసలోనే అడగాలి. చాలామంది మొదటి ప్రశ్న వదిలేసి “మీ తప్పుకు మేమెందుకు బలి కావాలి” అంటూ రెండోదాని దగ్గర వాదన మొదలుపెడతారు. ఒప్పందమే కుదరనప్పుడు తప్పు ఎవరిదన్న చర్చకు చోటుండదు.

అరలో ఉన్న ధర ఇంకా ఒప్పందం కాదు

ఇంగ్లండ్‌లో 1953లో వచ్చిన బూట్స్ కేసు తీర్పు దీనికి పునాది. కస్టమర్లే అరల్లోంచి సరుకు తీసుకునే పద్ధతిని బూట్స్ సంస్థ తన మందుల దుకాణంలో పెట్టింది. కొన్ని రకాల మందులను రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అమ్మాలన్నది చట్టం. ఫార్మసిస్టు ఉన్నది డబ్బు కట్టే కౌంటర్ దగ్గర. అరలోంచి సీసా తీసి బుట్టలో వేసుకోగానే అమ్మకం అయిపోయినట్టయితే బూట్స్ చట్టాన్ని ఉల్లంఘించినట్టే. కోర్టు అలా కాదంది. అరలో ధర వేసి పెట్టడం “వచ్చి అడగండి” అని పిలవడం మాత్రమే. వస్తువును కౌంటర్ దగ్గరికి తెచ్చి “ఇది కొంటాను” అని ప్రతిపాదించేది కస్టమర్. దాన్ని అంగీకరించేది దుకాణం. తీర్పు వెనక తేలికగా అర్థమయ్యే కారణం కూడా ఉంది: తీసుకోగానే అమ్మకం పూర్తయితే, మనసు మార్చుకుని ఆ సీసాను మళ్లీ అరలో పెట్టే వీలు కస్టమర్‌కు ఉండదు.

అప్పటినుంచి ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం పాటించే చోట్ల ఇదే సూత్రం నడుస్తోంది. కౌంటర్‌లో డబ్బు తీసుకునేదాకా “ఈ ధర తప్పు, ఈ ధరకు ఇవ్వలేం” అని చెప్పే స్వేచ్ఛ దుకాణానికి ఉంటుంది. సరైన ధర చెబితే కొనాలో వద్దో తేల్చుకునే స్వేచ్ఛ మీదీ అంతే. డబ్బు తీసుకుని బిల్లు చేతికిచ్చాక మాత్రం పరిస్థితి తిరగబడుతుంది. ఒప్పందం అక్కడితో పూర్తి. ఆ తర్వాత తక్కువ వేశామంటూ తేడా డబ్బు వసూలు చేయాలంటే, అది పొరపాటని మీకు ముందే తెలుసని దుకాణమే చూపించాలి.

దీనికి మినహాయింపు ప్రకటనల్లో కనిపిస్తుంది. 1957లో అమెరికాలోని మిన్నెసోటా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెఫ్కోవిట్జ్ కేసులో ఒక దుకాణం బొచ్చు శాలువా ఒక డాలరుకే ఇస్తామని పత్రికలో ప్రకటించింది. ఒక్కటే ఉంది, ముందు వచ్చినవారికి ఇస్తాం అని కూడా వేసింది. ఎన్ని ఉన్నాయో, ఎంతకో, ఎవరికో అన్నీ స్పష్టంగా చెప్పేసి, బేరానికి ఏమీ మిగల్చని ప్రకటన ప్రతిపాదనే అవుతుందని కోర్టు తేల్చింది. ముందుగా వెళ్లిన లెఫ్కోవిట్జ్ గెలిచాడు. అందుకే ఇప్పుడు ప్రకటనల అడుగున “స్టాకు ఉన్నంతవరకు”, “ముద్రణ దోషాలకు బాధ్యత లేదు” అనే చిన్న అక్షరాలు కనిపిస్తాయి.

ఆన్‌లైన్‌లో అసలు సంగతి కన్ఫర్మేషన్ మెయిల్‌లో ఉంటుంది

వెబ్‌సైట్‌లో కౌంటర్ దగ్గర మనిషి ఉండడు. డబ్బు కట్టగానే సాఫ్ట్‌వేర్ దానంతట అదే మెయిల్ పంపేస్తుంది. ఆ మెయిల్‌లోని వాక్యాన్ని బట్టే చాలా వివాదాలు తేలాయి.

కొడాక్ ఉదంతం చూడండి. 2002 కొత్త సంవత్సరం ముందూ వెనకా ఆ సంస్థ బ్రిటన్ వెబ్‌సైట్‌లో 329 పౌండ్ల కెమెరా సెట్టు 100 పౌండ్లకు కనిపించింది. వేలమంది ఆర్డర్ పెట్టారు. సంస్థ మొదట కుదరదంది. కానీ వెబ్‌సైట్ పంపిన మెయిల్ ఆర్డర్‌ను ఖాయం చేస్తున్నట్టుగా రాసి ఉంది. పైగా 329 నుంచి 100కు తగ్గడం పండగ సేల్‌లో నమ్మదగ్గ తగ్గింపే. చివరికి కొడాక్ వెనక్కి తగ్గి కెమెరాలు పంపింది. మరుసటి ఏడాది అమెజాన్ బ్రిటన్ సైట్‌లో హెచ్‌పీ జేబు కంప్యూటర్ 7.32 పౌండ్లకు కనిపించింది. అమెజాన్ ఒక్క ఆర్డరూ పంపాల్సిన పని పడలేదు. ఆర్డర్ అందినట్టు వచ్చే మెయిల్ అంగీకారం కాదని, వస్తువు పంపినట్టు మెయిల్ వెళ్లినప్పుడే ఒప్పందం కుదురుతుందని దాని షరతుల్లో ముందే ఉంది. ఆ తర్వాత ఆన్‌లైన్ దుకాణాలు చాలావరకు ఇదే పద్ధతికి వచ్చేశాయి.

కాబట్టి మెయిల్ వచ్చిందని సంబరపడేముందు అందులో ఏముందో చూడాలి. “మీ ఆర్డర్ మాకు అందింది” అంటే రశీదు మాత్రమే. యూరప్‌లో 2000 నాటి ఈ-కామర్స్ ఆదేశం ప్రకారం ఆర్డర్ అందినట్టు ఆలస్యం లేకుండా తెలపడం దుకాణం విధి. విధిగా పంపే రశీదును అంగీకారంగా చూపడం కష్టం. “మీ ఆర్డర్‌ను అంగీకరించాం”, “మీ కొనుగోలు ఖాయమైంది” అని ఉంటే మీ వాదనకు బలం వస్తుంది. “మీ వస్తువు బయల్దేరింది” అని ఉంటే దాదాపు ఏ షరతుల ప్రకారం చూసినా ఒప్పందం కుదిరినట్టే. ఒకే ఆర్డర్‌లో మూడు వస్తువులుండి ఒకటే బయల్దేరితే, సాధారణంగా ఆ ఒక్కదానికే ఒప్పందం కుదిరినట్టు. మిగతా రెండూ రద్దు చేసే వీలు దుకాణానికి ఉంటుంది.

డబ్బు కట్ అయింది కాబట్టి అమ్మకం అయిపోయింది అనే వాదన కూడా తరచుగా వినిపిస్తుంది. కార్డు చెల్లింపు రెండు దశల్లో జరుగుతుంది. మొదట బ్యాంకు ఆ మొత్తాన్ని పక్కన ఆపి పెడుతుంది, తర్వాత దుకాణం అడిగినప్పుడు నిజంగా బదిలీ చేస్తుంది. చాలా దుకాణాలు వస్తువు పంపే సమయంలోనే రెండో దశకు వెళ్తాయి. స్టేట్‌మెంట్‌లో పెండింగ్ అని కనిపిస్తుంటే డబ్బు ఇంకా దుకాణానికి చేరనట్టే. పూర్తిగా బదిలీ అయినా, షరతుల్లో వేరేగా ఉంటే అదొక్కటే ఒప్పందాన్ని నిలబెట్టదు. కాకపోతే కొనేవారి వైపు ఒక సాక్ష్యంగా పనికొస్తుంది.

పొరపాటని తెలిసీ కొంటే

ఒప్పందం కుదిరిందనే అనుకుందాం. అప్పుడు రెండో ప్రశ్న వస్తుంది. లండన్‌లో 1939లో తేలిన హార్టాగ్ కేసులో అర్జెంటీనా కుందేలు తోళ్లు ముప్పై వేలు అమ్మకానికి వచ్చాయి. బేరమంతా తోలుకు ఇంత అని సాగింది. చివరికి రాసి ఇచ్చిన కాగితంలో మాత్రం పౌను బరువుకు ఇంత అని పడింది. పౌనుకు సుమారు మూడు తోళ్లు తూగుతాయి. అంటే ధర మూడోవంతుకు పడిపోయింది. ఆ వ్యాపారంలో ఉన్నవాడికి ఇది పొరపాటని తెలియకుండా ఉండదని, ఎదుటివాడి పొరపాటును గుర్తించి లాక్కునే ఒప్పందం చెల్లదని కోర్టు చెప్పింది.

ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఇదే సూత్రం ఎలా వర్తిస్తుందో చూడాలంటే సింగపూర్ డిజిలాండ్‌మాల్ కేసును మించినది లేదు. 2003 జనవరి 8న సంస్థ ఉద్యోగి ఒకరు శిక్షణ కోసం తయారుచేసిన ధరల పట్టికను పొరపాటున అసలు వెబ్‌సైట్లోకి ఎక్కించారు. 3,854 సింగపూర్ డాలర్ల హెచ్‌పీ కలర్ లేజర్ ప్రింటర్ ధర 66 డాలర్లయింది. 13వ తేదీదాకా ఎవరూ కనిపెట్టలేదు. ఆలోగా 784 మంది 1,008 ఆర్డర్లలో 4,086 ప్రింటర్లు కొనేశారు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఒక్కరికీ కొనుగోలు విజయవంతమైందని మెయిల్ పంపింది. సంస్థ ఇవ్వనంది. 1,606 ప్రింటర్లు ఆర్డర్ చేసిన ఆరుగురు కోర్టుకెళ్లారు.

ఒప్పందం కుదరలేదని కోర్టు అనలేదు. మెయిల్ వెళ్లింది కాబట్టి ప్రతిపాదన, అంగీకారం రెండూ ఉన్నాయంది. అయినా వాళ్లు ఓడిపోయారు. అర్ధరాత్రి దాటాక ఒకరికొకరు పంపుకున్న సందేశాలు, అసలు ధర ఎంతో ఇంటర్నెట్లో వెతికిన తీరు, ఒక్కొక్కరు వందల సంఖ్యలో ఆర్డర్ చేయడం, ఇవన్నీ చూసి, ఇది పొరపాటని వారికి తెలుసని 2004లో హైకోర్టు తేల్చింది. 2005లో అప్పీలు కోర్టు సమర్థించింది. కేసును ముంచింది 66 డాలర్ల ధర కన్నా ఆ సందేశాలూ ఆ సంఖ్యలూ అన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. ఇంటికి ఒక ప్రింటర్ కొనుక్కున్న మనిషికి తెలిసి కొన్నాడని చూపించడం ఇంత తేలిక కాదు.

అన్ని దేశాల్లో ఇదే కొలత కాదు. జర్మనీ సివిల్ కోడ్‌లో కొన్నవారికి తెలుసా లేదా అన్నది ప్రధానం కాదు. తప్పు చేసినవాడు పొరపాటు తెలిసిన వెంటనే, జాప్యం లేకుండా ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అయితే ఆ ఒప్పందాన్ని నమ్మి ఎదుటివాడు పెట్టిన ఖర్చు భరించాలి. 2005 జనవరిలో అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు తీర్పు ఇలాంటిదే. 2,650 యూరోలుగా నమోదు చేసిన లాప్‌టాప్ ధర, వెబ్‌సైట్‌కు డేటా వెళ్లే దారిలో సాఫ్ట్‌వేర్ లోపంతో 245 అయింది. లాప్‌టాప్ కొన్నవారి ఇంటికి చేరిపోయింది కూడా. అయినా అమ్మినవారు రద్దు చేసుకోవచ్చని, లాప్‌టాప్ తిరిగి ఇవ్వాలని కోర్టు చెప్పింది. వస్తువు చేతికొచ్చాక ఇక భయం లేదు అనే మాట జర్మనీలో నమ్మకూడదు.

కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2001లో డోనోవన్ కేసులో మరో దారి పట్టింది. పత్రిక చేసిన తప్పుతో ఒక పాత జాగ్వార్ కారు 37,995 డాలర్లకు బదులు 25,995కు ప్రకటనలో వచ్చింది. కొనడానికి వచ్చిన వ్యక్తికి తప్పని తెలియదు. అక్కడి వాహన చట్టం వల్ల ప్రకటన ప్రతిపాదనగానే లెక్క. ఒప్పందం కుదిరిందని కోర్టు ఒప్పుకుంది. కానీ డీలరు నిజాయతీగా పొరబడ్డాడని, ఆ ధరకు బలవంతంగా అమ్మించడం మితిమీరిన అన్యాయమని చెప్పి రద్దు చేసింది. మరోవైపు 1872 భారత కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్, ఒక పక్షం మాత్రమే పొరబడినంత మాత్రాన ఒప్పందం రద్దు చేయదగినది కాదంటుంది.

మరి ఎంత తేడా ఉంటే పొరపాటని తెలిసిపోయినట్టు? కోర్టులు సాధారణంగా శాతం లెక్క పెట్టవు, పెట్టకపోవడమే సరి. 40 శాతం తగ్గింపు సేల్ సీజన్‌లో మామూలే. 98 శాతం తగ్గింపు కొత్త మోడల్ యంత్రానికి ఎక్కడా ఉండదు గానీ, స్టాకు వదిలించుకునే బట్టలకు ఉండొచ్చు. ఆ రకం వస్తువు మామూలుగా ఎంతకు దొరుకుతుంది, కొన్నవారు వ్యాపారులా మామూలు మనుషులా, ఎన్ని కొన్నారు, పక్కన “ఆఫర్” అని రాసి ఉందా అన్నవన్నీ కలిపి తూస్తారు. పాత ధర కొట్టేసి కొత్త ధర చూపించి, కింద 70 శాతం తగ్గింపు అని దుకాణమే రాసుకుంటే, పొరపాటని మీకు తెలియాల్సింది అనే వాదన బాగా బలహీనపడుతుంది.

తప్పు ఎక్కడ పుడుతుంది

బార్‌కోడ్‌లోనే ధర ఉంటుందని చాలామంది అనుకుంటారు. మామూలు ప్యాకెట్ మీద ఉండే 13 అంకెల్లో ధర ఉండదు. ఆ అంకెలు వస్తువును గుర్తిస్తాయి, చివరి అంకె మిగతా పన్నెండూ సరిగ్గా చదివాయో లేదో సరిచూస్తుంది. ధర దుకాణం డేటాబేస్‌లో ఉంటుంది. స్కాన్ తప్పు చదవడం వల్ల ధర తప్పడం చాలా అరుదు, డేటాబేస్‌లో తప్పు ఉండటమే మామూలు. తూకం వేసి అతికించే చీటీలు మాత్రం వేరు. 20 నుంచి 29 మధ్య అంకెలతో మొదలయ్యే లోపలి కోడ్‌లలో బరువో ధరో నేరుగా ఇమిడి ఉంటుంది. కాటా బరువు రాస్తే బిల్లింగ్ యంత్రం దాన్ని ధరగా చదివేలా సెట్ అయి ఉంటే, కట్టిన ప్రతి పొట్లం ధరా తప్పే.

ధర ఒక చోట పుట్టి నాలుగు చోట్లకు వెళ్తుంది: బిల్లింగ్ యంత్రానికి, అర లేబుల్‌కు, వెబ్‌సైట్‌కు, ధరలు పోల్చే ఇతర సైట్లకు. ప్రతి మలుపులో ఒక రకం తప్పు కాచుకుని ఉంటుంది. దశాంశ బిందువు జరగడం అన్నిటికన్నా పాతది. 1999లో బ్రిటన్‌లో ఆర్గోస్ వెబ్‌సైట్‌లో 299 పౌండ్ల టీవీ 2.99కి కనిపించింది, సంస్థ ఆ ఆర్డర్లు ఒప్పుకోలేదు. కరెన్సీ మార్పిడి ఇంకోటి. 2015 ఫిబ్రవరిలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ డెన్మార్క్ సైట్‌లో క్రోనర్ లెక్క తప్పి, ఫస్ట్ క్లాస్ టికెట్లు వంద డాలర్ల లోపుకే దొరికాయి. పన్నెండు ముక్కల పెట్టె కోడ్‌కు ఒక్క ముక్క ధర అతుక్కోవడం మూడోది. టోకు సరుకు, చిల్లర సరుకు ఒకే సిస్టమ్‌లో నడిపే దుకాణాల్లో ఇది తరచు కనిపిస్తుంది.

కూపన్ల లెక్క కాస్త దగ్గరగా చూడాలి. 50, 30, 20 శాతం తగ్గింపులు మూడు ఒకే ఆర్డర్‌కు వర్తించాయనుకోండి. ఒకదాని మీద ఒకటి వేస్తే 0.5, 0.7, 0.8 గుణించి ధరలో 28 శాతం మిగులుతుంది, అంటే తగ్గింపు 72 శాతం. అదే మూడూ కూడేస్తే సరిగ్గా 100 శాతం, ధర సున్నా. మూడు కూపన్లూ విడివిడిగా సరైనవే. అవి ఒకే చోట కలుస్తాయని ఎవరూ పరీక్షించి ఉండరు. సున్నాకు కొన్నవారు ఏ మోసమూ చేయలేదు, పేజీ అడిగిన చోట కోడ్ వేశారు, అంతే. ఇలాంటి చోట దుకాణం “మీకు తెలుసు” అని వాదించడం కొంచెం కష్టమే.

ఇక సాఫ్ట్‌వేర్ తనంతట తాను ధర మార్చే పద్ధతి. 2011లో అమెజాన్‌లో ఈగల జీవశాస్త్రం మీద ఒక పాత పుస్తకం ధర రెండు కోట్ల ముప్పై ఏడు లక్షల డాలర్ల దగ్గరికి పోయింది. ఒక అమ్మకందారు సాఫ్ట్‌వేర్ ఎదుటివాడి ధరకు 0.9983 రెట్లు పెడుతుంటే, రెండోవాడిది మొదటివాడి ధరకు 1.270589 రెట్లు పెడుతూ వచ్చింది. రెండూ కలిస్తే ప్రతి విడతకూ ధర 27 శాతం దాకా పెరిగింది. అదే యంత్రం కిందికి పరిగెత్తితే ఏమవుతుందో 2014 డిసెంబరు 12 సాయంత్రం తెలిసింది. రీప్రైసర్ ఎక్స్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ లోపంతో గంటసేపు అమెజాన్ బ్రిటన్‌లో వందలకొద్దీ వస్తువుల ధర ఒక్క పెన్నీ అయింది. అమెజాన్ చాలా ఆర్డర్లు రద్దు చేసింది. కానీ అమెజాన్ గోదాముల్లోంచి అప్పటికే బయల్దేరినవి వెళ్లిపోయాయి. ఆ నష్టం పడింది అమెజాన్ మీద కాదు, ఇళ్లలోంచి వ్యాపారం నడుపుకునే చిన్న అమ్మకందారుల మీద. పెద్ద సైట్ పేరు చూసి “వాళ్లకిదొక లెక్కా” అనుకునేముందు అసలు అమ్ముతున్నది ఎవరో ఆ పేజీలోనే రాసి ఉంటుంది, చూడటం న్యాయం.

దుకాణం నడిపేవారికి దీనికి మందు ఖరీదైనది కాదు. ప్రతి వస్తువుకు కొన్న ధరతో ముడిపెట్టిన కనీస ధర పెట్టాలి. ఒకేసారి 30 శాతానికి మించి మారే ధర రెండో మనిషి చూసి ఒప్పుకుంటేనే బయటికి వెళ్లాలి. ఒక మనిషికి ఎన్ని అమ్మాలో పరిమితి ఉండాలి. మామూలుగా రోజుకు మూడు అమ్ముడయ్యే వస్తువు గంటలో ముప్పై అమ్ముడైతే అమ్మకం దానంతట అదే ఆగిపోయి ఎవరికో ఒకరికి ఫోన్ మోగాలి. తప్పుడు ధరలు రాత్రుళ్లు, సెలవుల్లో వ్యాపించేది అప్పుడు చూసే మనిషి లేకనే.

బాధ్యత లేకపోయినా కొందరు ఎందుకిస్తారు

2010 మే 21న అమెరికాలోని 6పీఎం డాట్ కామ్‌లో ధరల సాఫ్ట్‌వేర్ తప్పు చేసింది. ఆరు గంటలపాటు సైట్‌లో ఏ వస్తువూ 49.95 డాలర్లకు మించి చూపించలేదు. మాతృసంస్థ జాపోస్ ఆ ఆర్డర్లన్నీ గౌరవించి 16 లక్షల డాలర్ల నష్టం భరించింది. 2019 కొత్త సంవత్సరం రోజున క్యాథే పసిఫిక్ వియత్నాం నుంచి అమెరికాకు బిజినెస్, ఫస్ట్ క్లాస్ టికెట్లు మామూలు ధరలో చిన్న వంతుకు అమ్మేసింది, తప్పు తమదేనని బాహాటంగా చెప్పి ప్రయాణికులందరినీ తీసుకెళ్లింది. యునైటెడ్ మాత్రం టికెట్లు రద్దు చేసింది.

తేడా మంచితనంలోనే ఉందనుకోనక్కర్లేదు. ఆర్డర్ల సంఖ్య ఎంత, ఒక్కోదాని మీద నిజమైన నష్టం ఎంత, ఎన్ని బయల్దేరిపోయాయి అన్నవి మొదట చూస్తారు. ఖాళీగా ఎగిరే సీటు మీద విమానసంస్థకు పోయేది తక్కువ. కొని తెచ్చిన ప్రింటర్ మీద పోయేది మొత్తం. రెండోది చట్టం ఒత్తిడి. అమెరికా రవాణా శాఖ నిబంధన 2012 నుంచి అమ్మిన టికెట్ ధర పెంచకూడదంటూ, తప్పుడు ధరలకూ వర్తించేలా ఉండేది. యునైటెడ్ గొడవ తర్వాత 2015 మేలో ఆ శాఖ మెత్తబడింది: నిజంగా పొరపాటేనని చూపించి, టికెట్ డబ్బుతోపాటు ఆ టికెట్‌ను నమ్మి ప్రయాణికుడు పెట్టిన ఇతర ఖర్చులూ తిరిగిస్తే చర్య తీసుకోమంది. ఇదే నాకు అన్నిటికన్నా న్యాయంగా కనిపించే ఏర్పాటు. తప్పు చేసినవాడిని దివాలా తీయించదు, నమ్మినవాడిని నష్టపరచదు.

అసలు ఎక్కువ డబ్బు పోయేది ఇంకోచోట

వార్తల్లోకి వచ్చేవి తక్కువగా పడిన ధరలు. రోజూ జరిగేది దానికి తలకిందులు: అరలో ఒక ధర, కౌంటర్‌లో అంతకన్నా ఎక్కువ. కారణం మామూలుగా పాత లేబుల్. ఆఫర్ అర్ధరాత్రి సిస్టమ్‌లో ముగుస్తుంది, అర మీద కాగితం మాత్రం పొద్దున మనిషి వచ్చి తీసేదాకా అలాగే ఉంటుంది. కొన్నిసార్లు రోజులతరబడి ఉంటుంది. ఇక్కడ కాంట్రాక్టు సూత్రాల కన్నా వినియోగదారుల చట్టాలు గట్టిగా పనిచేస్తాయి, చాలామందికి తెలియని హక్కులున్నదీ ఇక్కడే.

ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక వస్తువుకు రెండు ధరలు కనిపిస్తే తక్కువదానికే అమ్మాలి, లేదా సరిచేసేవరకు అమ్మకం ఆపాలి. కొత్త చీటీ కింద పూర్తిగా కప్పబడిపోయిన పాత ధర లెక్కలోకి రాదు. కెనడాలో 2002లో మొదలైన స్కానర్ కోడ్‌ను పాటించే దుకాణాల్లో స్కాన్ ధర ఎక్కువ పడితే, పది డాలర్ల లోపు వస్తువు ఉచితం, అంతకు మించితే పది డాలర్లు తగ్గింపు అన్నది నియమంగా పెట్టారు. అలాంటివి అయిదు కొంటే ఒకటి ఉచితం, మిగతా నాలుగూ సరైన ధరకు. వస్తువు మీదే విడిగా ధర అతికించి ఉంటే ఈ కోడ్ వర్తించదు. అమెరికాలోని మిషిగన్‌లో కొన్న 30 రోజుల్లోగా చెప్పాలి. దుకాణం తేడాతోపాటు ఆ తేడాకు పది రెట్లు కలిపి ఇవ్వాలి. ఆ అదనం ఒక డాలరుకు తగ్గదు, అయిదు డాలర్లకు మించదు. అంటే 20 సెంట్లు ఎక్కువ వేస్తే 20 సెంట్లు, ఆపైన రెండు డాలర్లు.

ఇవి రావాలంటే సాక్ష్యం కావాలి, అది చెరిగిపోయే సాక్ష్యం. మీరు కౌంటర్ దగ్గర వాదిస్తుండగా అర దగ్గర మనిషి లేబుల్ తీసేయొచ్చు. కాబట్టి ధర ఆశ్చర్యంగా ఉన్నప్పుడు ముందే ఫోటో తీయాలి. లేబుల్ మీది వస్తువు పేరు, బరువు, కింద చిన్న అక్షరాల్లో ఉండే కోడ్, ఆఫర్ ముగిసే తేదీ నాలుగూ పడాలి. సగం వివాదాలు ఇక్కడే తేలిపోతాయి, ఎందుకంటే లేబుల్ పక్క సైజు ప్యాకెట్‌దని ఆ కోడ్ చూస్తేనే తెలుస్తుంది. బిల్లు కట్టకముందే స్క్రీన్ చూడండి. తప్పు కనిపిస్తే కౌంటర్‌లో ఉన్నవారితో వాదించకుండా మేనేజర్‌ను అడగండి, ధర మార్చే అధికారం సాధారణంగా ఆయన లాగిన్‌కే ఉంటుంది. బయటికొచ్చాక చూసుకున్నా బిల్లు, ఫోటో పట్టుకుని వెనక్కి వెళ్లొచ్చు. ఒకే దుకాణంలో ఇది పదేపదే జరుగుతుంటే అది పొరపాటు అనే హద్దు దాటి తప్పుదోవ పట్టించే ధరల కిందికి వస్తుంది. తేదీలతో సహా వినియోగదారుల శాఖకు ఫిర్యాదు చేయడం వల్ల మీకన్నా తర్వాత కొనేవారికి మేలు.

ఆన్‌లైన్‌లో అనుమానం కలిగే ధర చూస్తే

ఇంటికి ఎన్ని కావాలో అన్నే ఆర్డర్ చేయండి. ఒకటో రెండో అయితే దుకాణం పంపేసే అవకాశం ఎక్కువ, కోర్టు దాకా వెళ్లినా మీ నిజాయతీకి అదే సాక్ష్యం. ధర, తేదీ, వస్తువు పూర్తి పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఆఫర్ అని రాసి ఉంటే అది కూడా అందులో పడాలి. షరతుల పేజీలో ఒప్పందం ఎప్పుడు కుదురుతుందో చెప్పే వాక్యం వెతికి దాన్నీ భద్రపరచండి, ఆ పేజీలు మారిపోతుంటాయి. వస్తువు చేతికొచ్చేదాకా దాన్ని నమ్మి తిరిగిరాని ఖర్చు పెట్టకండి: పాతది అమ్మేయడం, హోటల్ బుక్ చేయడం, మరో దుకాణంలోని ఆర్డర్ రద్దు చేయడం లాంటివి.

దుకాణం రద్దు చేస్తే మొదట చూడాల్సింది తేదీలు. అంగీకారం తెలిపే మెయిల్ ముందు వచ్చిందా, రద్దు ముందు వచ్చిందా? అంగీకారం ముందు వచ్చి, ధర నమ్మదగ్గదైతే రాతపూర్వకంగా అడగండి. ఆ మెయిల్‌లోని వాక్యాన్ని యథాతథంగా చూపించి, వస్తువు పంపమనండి. అది కుదరకపోతే అదే వస్తువు ఇంకోచోట కొనడానికి అయ్యే తేడా ఇమ్మనండి. ఒప్పందాన్ని మీరినవాడి నుంచి రావాల్సిన పరిహారానికి సాధారణ కొలత ఆ తేడాయే. అంగీకారం రాకముందే రద్దయితే, లేదా ధర ఎవరు చూసినా తప్పని చెప్పేలా ఉంటే, పట్టుబట్టి లాభం లేదు.

అప్పుడు మిగిలేది డబ్బు పూర్తిగా వెనక్కి రావడం. ఇందులో జనం ఎక్కువగా పోగొట్టుకునేది కార్డు డబ్బు కాదు, దానితోపాటు వాడిన గిఫ్ట్ కార్డు, పాయింట్లు, ఒక్కసారే పనిచేసే కూపన్. కార్డు మొత్తం దానంతట అదే తిరిగొస్తుంది, ఇవి చాలా సిస్టమ్‌లలో అడిగితేనే వస్తాయి. ఆపి పెట్టిన మొత్తమైతే కొద్ది రోజుల్లో స్టేట్‌మెంట్‌లోంచి మాయమవుతుంది, విడిగా రీఫండ్ ఎంట్రీ కనిపించదు. నిజంగా బదిలీ అయిన డబ్బు దుకాణం చెప్పిన గడువు దాటినా రాకపోతే, రద్దు చేసినట్టు వచ్చిన మెయిల్ జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకులో వివాదం నమోదు చేయండి. అమ్మకం జరగలేదని దుకాణమే రాసి ఇచ్చిన కాగితం మీ చేతిలో ఉంది కాబట్టి ఇలాంటి వివాదాల్లో బ్యాంకు అడిగే ప్రశ్నలు తక్కువ.